హిమం

మా కొట్లో అన్నిటికంటే ఎత్తు నుంచి దిగిన సరుకు
అన్నిటికంటే కింది అరలో ఉంటుంది,
వెలుతురు తగలకుండా, బరణి మూతికి గుడ్డ కట్టి.
జటామాంసి.
మంచు కరిగిన నాలుగు నెలలే తల ఎత్తే మొక్కట.
నేను చూడలేదు.
నేనెక్కిన కొండల్లో పెద్దది రామతీర్థం బోడికొండ.

నాకు తెలిసింది వేరే.
గోధుమరంగు వెంట్రుకలు చుట్టుకుని చిటికెన వేలంత.
దాని ఇంకో పేరు తపస్విని అని
మా నాన్న చెప్పి, ఆ వెంటనే
ముల్లు చూడవే, తూకం పోతోంది అనేవాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం
గంటస్తంభం మూడు కొట్టాక వచ్చాడు, నెల్లిమర్ల తవిటయ్య.
పుట్టగానే చేటలో వేసి, తవుడుకి కొనుక్కుని,
చావుని ఏమార్చి పెట్టిన పేరు.
ముప్పయ్యొక్క ఏళ్లు జూట్ మిల్లులో సీ షిఫ్టు.
గేటుకి తాళం పడి నలభై రోజులు.

"నిద్దర్నేదు తల్లీ.
మగ్గాలు ఆడినన్నాళ్లూ పగలు గోనెసంచిలా పడీవోణ్ణి.
ఇప్పుడు రాత్రి ఇంట్లో సప్పుడు నేదు.
ఆ నేకపోడవే నన్ను లేపేత్తంది."

బరణి విప్పాను.
ఆ వాసన ఎలా చెప్పను,
తడిమట్టి, పెట్టెలో మగ్గిన పట్టుచీర, కాస్త పశువుల సాల,
కాస్త చలి.
అరటిపళ్ల బండివాడు కూడా ముక్కు ఇటు తిప్పాడు.

తవిటయ్య ఒక వేరు తీసుకుని
రెండు వేళ్ల మధ్య నలిపాడు,
పీచు లాగి వెలుతురుకి పట్టాడు.
"పోగు పొట్టి. వడికితే తెగిపోద్ది."
ఇన్నేళ్లలో దాన్ని నారగా ఎంచిన మనిషి
అతనొక్కడే.

ధర విని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
పైన తవ్వేవాళ్లు ఎక్కువై మొక్క తరిగిపోతోందని
దళారి ఫోనులో అన్నమాట నోటిదాకా వచ్చింది.
పని పోయినవాడికి
మొక్క పోతోందని ఏం చెబుతాం?
ఇరవై గ్రాములు కట్టి
అడుగున రాలిన పొడి కూడా ఊడ్చి వేశాను.

కాచకు, అన్నాను. నలగ్గొట్టి చన్నీళ్లలో
రాత్రంతా నాననివ్వు.
పొద్దున్న వడగట్టి సగం, పడుకోబోయే ముందు సగం.
"అంటే ఈ రాత్రికి
అదీ నానూ మేలుకునే ఉంటాం" అన్నాడు.

నిప్పు చూడని ఆ కషాయాన్ని వైద్యంలో హిమం అంటారు.
మంచు కింద పుట్టిన వేరు
చంపావతి నీళ్లలో, మూత పెట్టిన స్టీలు గ్లాసులో
మళ్లీ మంచు పేరు పెట్టుకుంటుంది.
ఎవరు కుదిర్చారో ఈ మాట,
కనబడితే వాళ్లకో పొట్లం ఊరికే ఇద్దును.

నెల పైన రాలేదు.
శ్రావణం చివర, పత్రి బేరాలు మొదలవకముందు వచ్చాడు.
"పట్టింది తల్లీ. నీ మందో,
మాయావిడ తిట్టడం మానీసిందో తెల్దు, పట్టింది.
కల్లో మగ్గాలు ఆడినాయి. ఆ సప్పుడుకే తొంగున్నాను."
మందు ఖాతాలో నేనేమీ రాసుకోలేదు.

అప్పుడు గొంతు తగ్గించాడు.
"మిల్లు తీసినారు. మళ్లీ సీ షిఫ్టే.
తెల్లారగట్ల మూడింటికి మగ్గం మీదకి తూలిపోతన్నాను.
నిద్దర రాకుండా ఉండ్డానికి
ఏదైనా ఏరుందేటి?"

కింది అర నుంచి పై అర దాకా
నాలుగు వందల పేర్లు వెతుక్కున్నాయి నా కళ్లు.
చివరికి పాడేరు శొంఠి కొంచెం కట్టాను,
డబ్బులు వద్దన్నాను.
నమిలితే నాలుక మండుతుంది, అంతవరకే నా పూచీ.

అతను జేబులోంచి మిగిలిన పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.
"ఎవులికన్నా పనికొస్తాది. రెండో గేటు ఇంకా తియ్యనేదు."

తూచాను, ఎనిమిది గ్రాములు.
బరణిలో కలపబుద్ధి కాలేదు.
వేరు జడల మధ్య గోగునార పోగొకటి చిక్కుకుని ఉంది.
దీపం కిందకి తెచ్చి చాలాసేపు చూశాను.
ఏది మిల్లుదో, ఏది మంచుదో
తవిటయ్యైతే చెప్పేవాడు.